పక్కనపెట్టిన నమూనాలు కన్న ట్యాంకు

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయాక ఆ దేశపు ట్యాంకుల్లో కొన్నింటికి కొత్త పని దొరికింది. పైనున్న ఫిరంగినీ, దాన్ని నలువైపులా తిప్పే టరెట్‌నూ ఊడదీసి, ముందువైపు ఇనుప పలక బిగించి బుల్‌డోజర్లుగా మార్చారు. బాంబులకు కూలిన పట్టణాల్లో శిథిలాలు తొయ్యడానికీ, మిట్టపల్లాలు చదును చెయ్యడానికీ వాడుకున్నారు. యుద్ధంలో జపాన్ సైన్యం ఎక్కువగా నమ్ముకున్న చీ-హా రకం ట్యాంకులే అవి. మిగిలినవాటిలో చాలావరకు తుక్కు కింద పోయాయి.

అప్పటికి కర్మాగారాల్లో ఇంకో రెండు కొత్త రకాలు తయారవుతున్నాయి. చీ-టో అనే 30 టన్నుల ట్యాంకులు రెండే రెండు పూర్తయ్యాయి. శత్రువు చేతికి చిక్కకూడదని వాటిలో ఒకదాన్ని షిజుఓకా ప్రాంతంలోని హమానా సరస్సులో ముంచేశారని అక్కడి పెద్దలు చెబుతూ వచ్చారు. 2012-13లో స్థానికులు సరస్సు అడుగంతా వెతికించారు కానీ అది దొరకలేదు. చీ-రి అనే మరో రకం ఒక్కటే, అదీ అసంపూర్తిగా మిగిలింది. దాని 75 మి.మీ. ఫిరంగిలోకి గుండు ఎక్కించే పనిలో మనిషికి సాయంగా యంత్రాన్ని పెట్టాలని ఇంజనీర్లు ప్రయత్నించారు. ఆ సగం ట్యాంకును అమెరికన్లు పట్టుకుపోయారు.

యుద్ధానంతర జపాన్ ట్యాంకుల చరిత్రను నాలుగు పేర్లలో చెప్పెయ్యడం మామూలు: టైప్ 61, టైప్ 74, టైప్ 90, టైప్ 10. సైన్యంలో చేరిన ఏడాదిని బట్టి పెట్టిన పేర్లివి. నాకు మాత్రం ఆ నాలుగింటి మధ్య కనబడకుండా పోయిన నమూనాల దగ్గరే అసలు కథ ఉందనిపిస్తుంది. అవి ఒకటో రెండో తయారుచేసి, కొండల్లో, బురదలో తిప్పి చూసి, వద్దనుకున్న బళ్లు. బండిని పక్కన పెట్టినా అందులోని ఆలోచన చావలేదు. పదేళ్లకో ఇరవై ఏళ్లకో మరో రూపంలో తిరిగొచ్చి నెగ్గింది. చీ-రిలో పెట్టబోయిన ఆ యంత్రం సంగతి గుర్తుంచుకోండి. ఈ కథలో అది ఇంకో రెండుసార్లు వస్తుంది.

ట్యాంకు అనకూడని ట్యాంకు

1947 మే 3న అమల్లోకి వచ్చిన కొత్త రాజ్యాంగంలోని 9వ అధికరణం ప్రకారం జపాన్ యుద్ధాన్ని త్యజించింది, సైనిక బలగాలు ఉంచుకోబోనని చెప్పింది. మూడేళ్లు తిరిగేసరికి, 1950 జూన్ 25న, పక్కనే కొరియా యుద్ధం మొదలైంది. ఉత్తర కొరియా సేనలు సోవియట్ టి-34 ట్యాంకులతో దూసుకొచ్చాయి. జపాన్‌లో ఉన్న అమెరికన్ దళాలను హడావుడిగా కొరియాకు తరలించడంతో ఇక్కడ కాపలా లేకుండా పోయింది. జూలై 8న, జపాన్‌ను ఆక్రమించి ఉన్న మిత్రరాజ్యాల సేనల అధిపతి జనరల్ మెకార్థర్ జపాన్ ప్రధానికి లేఖ రాసి, 75,000 మందితో జాతీయ పోలీసు రిజర్వు ఏర్పాటు చేసుకోమన్నాడు.

పోలీసులకు ట్యాంకులెందుకన్న ప్రశ్న రాకుండా ఉంటుందా? అందుకే 1952 నుంచి అమెరికా ఇచ్చిన ఎం-24 తేలికపాటి ట్యాంకులను కాగితాల మీద ‘ప్రత్యేక వాహనాలు’ అని రాసుకున్నారు. 1954 జూలై 1న ఆత్మరక్షణ దళాలు ఏర్పడ్డాక కూడా ఆ పేరు కొన్నేళ్లు నడిచింది.

ఎం-24 జపాన్ సైనికులకు నచ్చింది. తరవాత వచ్చిన షెర్మన్ ఎం-4 రకంతో మాత్రం ఇబ్బంది పడ్డారు. దాని ఎత్తు దాదాపు మూడు మీటర్లు. లోపలి సీట్లూ పెడళ్లూ పొడగరి అమెరికన్ల కొలతలకు చేసినవి. ఆ రోజుల జపాన్ కుర్రాళ్లకు కాళ్లు అందడమే కష్టమైంది. ఇంకొకరి కొలతలకు చేసిన బండిలో కూర్చోవడం ఎలా ఉంటుందో సైన్యానికి అప్పుడే తెలిసొచ్చింది.

దేశం సంగతి కూడా అంతే. జపాన్‌లో ప్రధాన రైలు మార్గాల పట్టాల మధ్య దూరం 1,067 మి.మీ. మాత్రమే. సొరంగాలు ఇరుకు, వంతెనలు తేలిక. కొండలు దిగితే వరిమళ్లు, వరిమళ్లు దాటితే మళ్లీ కొండలు. ముప్పు వస్తే ఉత్తరాన హొక్కైడో వైపు, సోవియట్ యూనియన్ నుంచే వస్తుందని అంచనా. కాబట్టి ట్యాంకు రైలెక్కాలి, సొరంగంలో పట్టాలి, బురదలో దిగబడకూడదు, కొండ చాటున దాక్కోవాలి. 46 టన్నుల అమెరికన్ ఎం-47 ఈ లెక్కకు సరిపడదు. ఎటు చూసినా దారి ఒక్కటే కనిపించింది, సొంతంగా చేసుకోవడం.

చేసే చేతులు ఇంకా ఉన్నాయి. కొరియాలో దెబ్బతిన్న అమెరికన్ వాహనాలు బాగుచేయడానికి జపాన్ వర్క్‌షాపులకే వచ్చేవి. అలా మిత్సుబిషి మెకానిక్కుల చేతుల మీదుగా అమెరికన్ విడిభాగాలు రోజూ నడిచాయి. కొమాత్సు సంస్థ యుద్ధకాలంలోనే నౌకాదళపు విమానాశ్రయాల కోసం బుల్‌డోజర్ తయారుచేసింది, యుద్ధం తరవాత అదే దాని ప్రధాన వ్యాపారమైంది. ట్రాకుల మీద నడిచే బండి గురించి ఆ కంపెనీకి కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. గాలితో చల్లబడే డీజిల్ ఇంజిన్ల విద్య 1930ల నాటి టైప్ 89 ట్యాంకు నుంచే జపాన్‌ది. డీజిల్ త్వరగా అంటుకోదు, అప్పట్లో జపాన్ సేనలున్న మంచూరియా చలిలో గడ్డకట్టడానికి ఆ ఇంజిన్‌లో నీళ్లే ఉండవు.

వీటన్నిటి వెనక ఒక చేదు జ్ఞాపకం కూడా ఉంది. తరవాతి కాలంలో గొప్ప చారిత్రక నవలాకారుడైన షిబా రియోతారో యుద్ధంలో ట్యాంకు దళ అధికారిగా పనిచేశాడు. పాత ట్యాంకు కవచం మీద ఆకురాయి పెట్టి గీస్తే జారిపోయిందనీ, యుద్ధం చివర్లో వచ్చిన కొత్త ట్యాంకు మీద గీస్తే గీత పడిందనీ ఆయన రాశాడు. ఉక్కు నాణ్యత అంతగా దిగజారిందని ఆయన గ్రహింపు. తమ మనుషులను ఎలాంటి రేకు డబ్బాల్లో కూర్చోబెట్టి పంపామో ఆ తరం మరిచిపోలేదు.

నేలకు కరుచుకున్న బండి

మొదట చేతికొచ్చింది ట్యాంకు కాదు, ట్యాంకులను వేటాడే చిన్న బండి. 1954 ప్రాంతంలో ఆలోచన మొదలైంది. కొమాత్సు ఒక నమూనా, మిత్సుబిషి ఒక నమూనా తయారుచేశాయి. ఎస్.ఎస్.1, ఎస్.ఎస్.2 అని వాటికి పేర్లు. వాటిని పోల్చి, దిద్ది, మళ్లీ చేసి, చివరికి 1960లో కొమాత్సు బండిని టైప్ 60 పేరుతో సైన్యంలోకి తీసుకున్నారు.

ఈ బండి ఎత్తు 1.38 మీటర్లు. నిలబడ్డ మనిషి ఛాతీ దాకా వస్తుందంతే. బరువు 8 టన్నులు, లోపల ముగ్గురు. కుడివైపున జంటగా రెండు 106 మి.మీ. రీకాయిల్‌లెస్ ఫిరంగులు. మామూలు ఫిరంగి పేలినప్పుడు వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను ఆపడానికి బరువైన బండి కావాలి. రీకాయిల్‌లెస్ ఫిరంగి వెనక భాగం తెరిచి ఉంటుంది, పేలుడు వాయువు వెనక నుంచి పోతుంది కాబట్టి తన్ను ఉండదు. అందుకే 8 టన్నుల బండి అంత పెద్ద గుండును పేల్చగలిగింది.

దీన్ని దగ్గరగా చూస్తే చేసినవాళ్ల ఆలోచన అర్థమవుతుంది. కమాండర్ కూర్చునే చోటూ, జంట ఫిరంగులూ ఒకే పీఠం మీద ఉంటాయి. దాక్కుని ఉన్నప్పుడు పీఠం కిందికి దిగి ఉంటుంది, అప్పుడు ఫిరంగి పక్కలకు 10 డిగ్రీలే తిరుగుతుంది. కొట్టాల్సి వచ్చినప్పుడు పీఠం పైకి లేస్తుంది, కమాండర్‌తో సహా. అప్పుడు 30 డిగ్రీలు తిరుగుతుంది. గట్టు చాటు నుంచి కళ్లూ ఫిరంగీ మాత్రమే పైకి తేలతాయి. ఇబ్బందీ ఉంది. రెండు గుళ్లూ పేల్చాక మళ్లీ నింపడానికి ఒక మనిషి బయటికి దిగాల్సిందే. వెనక్కి చిమ్మే మంట, దుమ్ము బండి దాక్కున్న చోటును పట్టిచ్చేస్తాయి. అందుకే కొట్టడం, పారిపోవడం, ఇంకోచోట దాక్కోవడం దీని పద్ధతి.

ఎంత కిందికి ఉంటే అంత భద్రం, ఈ బండిలో కుదిరిన సూత్రం అదే. అదే సూత్రంతో అసలు ట్యాంకు చెయ్యబోయారు. అక్కడ ఎదురుదెబ్బ తగిలింది.

ఎస్.టి.ఏ.-1: ఓడిపోయిన పొట్టి ట్యాంకు

సొంత ట్యాంకు పని 1955లో మొదలైంది. 90 మి.మీ. ఫిరంగి కావాలన్నారు, టి-34నీ దాని తరవాతివాటినీ ఎదుర్కోవాలి కాబట్టి. బరువు మీద వాదన నడిచింది. తేలిగ్గా ఉంటే రైలెక్కుతుంది, బరువుంటే కవచం మందంగా ఉంటుంది. చివరికి 35 టన్నుల దగ్గర రాజీ కుదిరింది. వెడల్పు మూడు మీటర్ల లోపు.

1956 చివర్లో, 1957 మొదట్లో రెండు నమూనాలు బయటికొచ్చాయి. ఎస్.టి.ఏ.-1 ఎత్తు 2.2 మీటర్లు. షెర్మన్ పక్కన నిలబెడితే 70 సెంటీమీటర్లకు పైగా పొట్టి. దాని చక్రాలు ఒక్కో వైపు ఏడు. ఎస్.టి.ఏ.-2 ఎత్తుగా, మామూలు పద్ధతిలో, ఆరేసి చక్రాలతో వచ్చింది.

పొట్టిగా చెయ్యడం ఎందుకంత కష్టమైంది? చిక్కంతా గేరుబాక్సు దగ్గరుంది. పాత జపాన్ ట్యాంకుల్లోనూ, షెర్మన్‌లోనూ, ఎం-24లోనూ ఇంజిన్ వెనక, గేరుబాక్సు ముందు ఉండేవి. ఇంజిన్ నుంచి గేరుబాక్సు దాకా ఒక పొడుగాటి ఇరుసు ట్యాంకు పొట్టలోంచి, టరెట్ కిందుగా పోవాలి. ఆ ఇరుసు మీద నేల, నేల మీద మనుషులు, మనుషుల మీద కప్పు. ఇరుసు ఉన్నంతకాలం ఎత్తు తగ్గదు. ఇంజనీర్లకు తెలిసిన విద్య అదే కాబట్టి ఆ అమరికనే ఉంచారు. ఎత్తు బలవంతంగా తగ్గిస్తే బండి పొడవు పెరిగింది, లోపల ఇరుకైంది, 90 మి.మీ. గుండును ఎత్తి నింపేవాడికి చెయ్యి తిరగడం కష్టమైంది.

ఎస్.టి.ఏ.-1 వెనకబడింది. ఎస్.టి.ఏ.-2 బాటలో మూడో, నాలుగో నమూనాలు వచ్చాయి. వాటి నుంచి 1961 ఏప్రిల్‌లో టైప్ 61 సిద్ధమైంది. ఎత్తు 2.49 మీటర్లు, బరువు 35 టన్నులు, 570 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్. పదహారేళ్ల విరామం తరవాత జపాన్ మళ్లీ ట్యాంకు చేసింది.

దాని ముక్కు దగ్గర నిలబడి చూస్తే ఆ పాత అమరిక బయటికే కనిపిస్తుంది. గేరుబాక్సు మీది కవచపు పలకను వరసగా బోల్టులతో బిగించారు. రిపేరుకు విప్పడం తేలికే కానీ, శత్రువుకు ఎదురుగా ఉండే చోట అతుకులుండటం బలహీనతే. నడిపేవాళ్లకు గేరు మార్చడం పెద్ద పరీక్ష. ఇంజిన్ వేగం సరిగ్గా కలవకపోతే గేరు పడేది కాదు.

పైగా కాలం దాటిపోయింది. టైప్ 61 బయటికొచ్చేనాటికే బ్రిటన్ చేసిన 105 మి.మీ. ఎల్-7 ఫిరంగి పాశ్చాత్య దేశాల కొత్త ట్యాంకులకు అమరుతోంది. మన దేశం ఆవడిలో చేసుకున్న విజయంత ట్యాంకుకూ అదే ఫిరంగి. 1975 దాకా టైప్ 61లు 560 తయారయ్యాయి కానీ, తరవాతి ట్యాంకు గురించి ఆలోచన 1964లోనే మొదలైపోయింది.

తిరిగొచ్చిన పొట్టితనం

ఈసారి ఇంజనీర్లు సమస్యను మొదలంటా తవ్వారు. ఇంజిన్‌నీ గేరుబాక్సునీ కలిపి వెనక్కే పెట్టేశారు. పొట్టలోంచి ఇరుసు పోవాల్సిన పని తప్పింది. నేల కిందికి దిగింది, కప్పూ దిగింది.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. కొండ అంచున నిలబడి కింద లోయలోకి కొట్టాలంటే ఫిరంగి మూతిని దించాలి. మూతి దిగితే లోపల దాని వెనక భాగం పైకి లేస్తుంది. కప్పు కిందికి ఉంటే అది తగులుతుంది. అంటే ట్యాంకు పొట్టిదయ్యేకొద్దీ కొండ మీద నుంచి కొట్టే సత్తువ తగ్గుతుంది. జపాన్‌లో కొండలు లేని చోటే తక్కువ.

ఫిరంగి వంగలేకపోతే ట్యాంకునే వంచుదామన్నారు. చక్రాలకు మామూలు స్ప్రింగుల బదులు నూనె, నైట్రోజన్ వాయువు నింపిన సిలిండర్లు పెట్టారు. వాయువు స్ప్రింగులా అదురు మింగుతుంది. నూనె ఎక్కిస్తే ఆ చక్రం దగ్గర ట్యాంకు లేస్తుంది, తీసేస్తే దిగుతుంది. ముందు చక్రాల్లో నూనె తగ్గిస్తే ట్యాంకు ముందుకు వంగుతుంది, మావటివాడి మాటకు మోకరిల్లే ఏనుగులాగా. ఒక పక్క తగ్గిస్తే ఆ పక్కకు ఒరుగుతుంది. ఒడ్డు మీద ఏటవాలుగా నిలబడ్డా టరెట్‌ను సమంగా ఉంచుకోవచ్చు. అదే కాలంలో స్వీడన్ కూడా ఇలాంటి సస్పెన్షన్‌తో టరెట్ లేని ట్యాంకు చేసింది. అందులో ఫిరంగి కదలదు, బండి మొత్తం వంగి గురిచూస్తుంది. జపాన్ టరెట్‌నూ ఉంచుకుంది, వంగడాన్నీ తీసుకుంది.

1969లో ఎస్.టి.బి.-1, ఎస్.టి.బి.-2 తయారయ్యాయి. 1970 అక్టోబరు కవాతులో జనం ఎస్.టి.బి.ని మొదటిసారి చూశారు. ఎస్.టి.బి.-1లో ఇంజనీర్లు తమ కలలన్నీ పోసేశారు. టరెట్ పైనున్న మెషిన్‌గన్‌ను లోపల కూర్చునే పేల్చే ఏర్పాటు. గుండు నింపడానికి సగం యాంత్రికమైన సాధనం, చీ-రి నాటి ఆ పాత కోరికే.

లెక్కలు చూసినప్పుడు ఆ కలలు నిలవలేదు. 1967 నుంచి ఆయుధాల ఎగుమతి మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. కొనేది ఒక్క ఆత్మరక్షణ దళమే, అదీ ఏడాదికి కొన్ని చొప్పున. అలాంటప్పుడు ఒక్కో బండి ధర ఆకాశానికి పోతుంది. 1971లో వచ్చిన తరవాతి నమూనాల్లో ఆ మెషిన్‌గన్ ఏర్పాటు, గుండు నింపే సాధనం రెండూ పోయాయి. వంగే సస్పెన్షన్‌ను మాత్రం వదల్లేదు. దేశపు నేలకు అది అవసరం కాబట్టి దానికి డబ్బు పెట్టారు.

1974 సెప్టెంబరులో ఆమోదం పొందిన టైప్ 74 ఎత్తు 2.25 మీటర్లు. ఎస్.టి.ఏ.-1 కంటే అయిదు సెంటీమీటర్లే ఎక్కువ. 90కి బదులు 105 మి.మీ. ఫిరంగి, లేజర్ దూరమాపకం, 38 టన్నుల బరువు. ఫిరంగి ఒక్కటే అయితే 6 డిగ్రీలు కిందికి దిగుతుంది, బండి కూడా వంగితే 12 డిగ్రీలు. 1957లో సాధ్యం కానిది పదిహేడేళ్లకు సాధ్యమైంది. ఎస్.టి.ఏ.-1 ఓటమి వల్లే పొట్టితనానికి అడ్డుపడేది ఏమిటో స్పష్టంగా తెలిసింది. ఎత్తు తగ్గించాలంటే కప్పుతో కాకుండా ఇరుసుతో మొదలుపెట్టాలని నేర్పింది ఆ నమూనాయే. టైప్ 74లు 873 తయారయ్యాయి. చివరివి 2024 మార్చిలో విరమణ పొందాయి.

మూడోసారి నెగ్గిన యంత్రం

1977లో మూడో తరం ట్యాంకు పని మొదలైంది. 1990లో టైప్ 90 వచ్చింది. 50 టన్నులు, 1,500 హార్స్‌పవర్, 120 మి.మీ. ఫిరంగి. జపాన్ స్టీల్ వర్క్స్ సొంతంగా 120 మి.మీ. ఫిరంగి చేసి నమూనా మీద పరీక్షించింది. చివరికి జర్మనీ ఫిరంగినే లైసెన్సు మీద తీసుకున్నారు. ఆ సొంత ఫిరంగి కూడా పక్కనపెట్టిన జాబితాలో చేరింది.

గుండు నింపే యంత్రం మాత్రం ఇక్కడ నెగ్గింది. 1945లో చీ-రిలో ప్రయత్నం, 1969లో ఎస్.టి.బి.-1లో ప్రయత్నం, 1990లో పూర్తి ఆటోమేటిక్ లోడరు. 120 మి.మీ. గుండు బరువు మనిషికి భారమైనప్పుడు ఖర్చు గురించిన అభ్యంతరం వీగిపోయింది. నలుగురు చేసే పని ముగ్గురితో సరిపోయింది.

టైప్ 90 ఒకదాన్ని వదులుకుంది కూడా. ఖర్చు తగ్గించడానికి నడిమి చక్రాలకు మామూలు స్ప్రింగు కడ్డీలు పెట్టారు. దాంతో బండి ముందుకు వెనక్కు వంగుతుంది గానీ పక్కలకు ఒరగలేదు. 50 టన్నుల బరువు వల్ల హొక్కైడో బయట ఎక్కువ చోట్లకు పంపడం కూడా కష్టమైంది. 2008 ఫిబ్రవరిలో సగామిహరాలో చూపించిన కొత్త నమూనా ఈ రెండింటినీ సరిదిద్దింది. తరవాత టైప్ 10గా పేరు పొందిన ఆ ట్యాంకు 44 టన్నులే. అన్ని చక్రాలకూ నూనె-వాయువు సస్పెన్షన్ వచ్చింది, పక్కలకు ఒరగడం మళ్లీ మొదలైంది. ఎస్.టి.బి. విద్య మధ్యలో ఒక తరం ఆగి మళ్లీ నిలబడింది.

ఇంతవరకూ ఈ ట్యాంకుల్లో ఏదీ యుద్ధంలో ఒక్క గుండు పేల్చలేదు. శాంతి రాజ్యాంగం ఉన్న దేశానికి అది గర్వకారణం. ఇంజనీర్లకు మాత్రం అదే పెద్ద కష్టం. ఇతర దేశాలు తమ ట్యాంకుల్లోని తప్పులను యుద్ధభూమిలో, సైనికుల ప్రాణాలిచ్చి తెలుసుకున్నాయి. జపాన్‌కు ఆ దారి లేదు, ఉండకూడదు కూడా. తప్పు చేసి చూసుకునే చోటు దానికి నమూనా ఒక్కటే. ఇరుకు టరెట్ ఎంత ఇరుకో, గేరు ఎంత మొరాయిస్తుందో, నచ్చిన యంత్రానికి ఖజానా ఎంత సహకరిస్తుందో పరీక్షా మైదానంలోనే తేలాలి.

ఇలా చూస్తే ఎస్.టి.ఏ.-1కు పెట్టిన ఖర్చు వృథా కాలేదు. చీ-రిలో వదిలేసిన పని నలభై అయిదేళ్లకు పూర్తయింది. ఒక దేశం తన యంత్రాలను ఎలా సాధించుకుందో తెలుసుకోవాలంటే కవాతులో నడిచినవాటితో పాటు కవాతు దాకా రానివాటినీ చదవాలి. వద్దనుకున్నదాన్ని ఎందుకు వద్దనుకున్నామో రాసిపెట్టుకుని, అవసరం వచ్చినప్పుడు మళ్లీ తెరిచి చూసే ఓపిక ఆ ఇంజనీర్లకు ఉంది. ట్యాంకులకే కాదు, ఏ పరిశోధనకైనా డబ్బు కేటాయించేవాళ్లు ఆ ఓపిక నేర్చుకోవాలి. పని చెయ్యని మొదటి నమూనాను చూసి గిట్టుబాటు కాలేదని దస్త్రం చించేస్తే, రెండోసారి మొదటి అడుగు నుంచే నడవాలి.